పాత ఐ5కీ కొత్త కంప్యూటర్‌కీ వేగంలో అసలు తేడా ఎంత?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. మీది తెనాలిలో డీటీపీ సెంటర్. 2011లో అసెంబుల్ చేయించిన మెషీన్: ఇంటెల్ ఐ5-2400, 3.1 గిగాహెర్ట్జ్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తారు. ఫొటోషాప్‌లో పాస్‌పోర్ట్ ఫొటోలు, ఫ్లెక్సీలు. మధ్యలో బ్రౌజర్ తెరిచి జనాలకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతారు. పొద్దున ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికే చాలాసేపు పడుతోంది. షాపువాళ్లు రెండు మెషీన్లు చూపించారు: ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ, ఐ3-12100 ఉన్న డెస్క్‌టాప్. ఏది కొన్నా మీదానికన్నా పది రెట్లు స్పీడు అన్నారు. కానీ కాగితం మీద చూస్తే మీది 3.1, మినీ పీసీ 3.4 గిగాహెర్ట్జ్. పైగా ఐ5 వదిలేసి ఐ3 తీసుకుంటే కిందికి దిగినట్టేనా అని మీ అనుమానం.

జవాబు ముందే చెప్పేస్తాను. మీ ప్రాసెసర్ మీ పనికి ఇప్పటికీ సరిపోతుంది. మీరు పడుతున్న ఆలస్యంలో ఎక్కువ భాగం హార్డ్‌డిస్క్ వల్ల, ఆ తర్వాత 4 జీబీ ర్యామ్ వల్ల. ఎన్100కి మారితే ప్రాసెసర్ వేగంలో మీకు కలిసొచ్చేది చాలా కొంచెం. ఐ3-12100 నిజంగానే వేగమైనది, ఒక్కో కోరు (ప్రాసెసర్‌లో విడిగా పని చేసే భాగం) లెక్కన మీదానికి దాదాపు రెట్టింపు. పది రెట్లు అనే మాటకు ఆధారం హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డిస్క్) ఉండటం ఒక్కటే. ఆ ఎస్ఎస్‌డీ మీ పాత మెషీన్‌లో కూడా పెట్టుకోవచ్చు. మెషీన్ మార్చడానికి మీకు బలమైన కారణం ఇంకొకటి ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

షాపుల్లో జరిగే సగం గందరగోళం గిగాహెర్ట్జ్‌తోనే. సైకిల్ తొక్కేటప్పుడు పెడల్ నిమిషానికి ఎన్నిసార్లు తిరిగిందనేది గిగాహెర్ట్జ్ లాంటిది. పెడల్ ఒక్కసారి తిరిగితే సైకిల్ ఎంత దూరం పోతుందనేది గేరును బట్టి ఉంటుంది. ప్రాసెసర్లలో ఆ రెండోదాన్ని ఐపీసీ అంటారు: ఒక్క క్లాక్‌లో, అంటే పెడల్ ఒక్క చుట్టులో, ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు (ప్రోగ్రామ్ ఇచ్చే చిన్న ఆదేశాలు) పూర్తవుతున్నాయి అని. ఈ రెండింటినీ గుణిస్తేనే అసలు వేగం తెలుస్తుంది. డబ్బా మీద మొదటిదే అచ్చేస్తారు, రెండోది ఎక్కడా రాయరు.

ఆ రెండోదాని బలం ఎంతో ఒక ఉదాహరణతో చూడండి. 1981 ఆగస్టులో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో ఇంటెల్ 8088 ఉండేది, వేగం 4.77 మెగాహెర్ట్జ్. అందులో రెండు 16 బిట్ల సంఖ్యలను గుణించాలంటే 118 నుంచి 133 క్లాకులు పట్టేవి. అంటే సెకనుకు సుమారు 40 వేల గుణకారాలు. ఐ3-12100లో ఒక్క కోరు 4.3 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది, క్లాక్‌కు ఒక గుణకారం చొప్పున ముగించగలదు, అదీ 64 బిట్ల సంఖ్యలతో. క్లాక్ పెరిగింది 900 రెట్లు. గుణకారాలు పెరిగింది లక్ష రెట్లకు పైగా. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా గిగాహెర్ట్జ్‌లో కనిపించని అభివృద్ధి. 1989 నాటి 486లో తరచుగా కావలసిన సమాచారాన్ని దగ్గర పెట్టుకునే క్యాష్ మెమరీ చిప్‌లోపలికి వచ్చింది, మామూలు ఇన్‌స్ట్రక్షన్లు చాలావరకు ఒక్క క్లాక్‌లో అయిపోసాగాయి. 1993లో పెంటియమ్ ఒకేసారి రెండు ఇన్‌స్ట్రక్షన్లు నడిపింది. 1995లో పెంటియమ్ ప్రో వరుసక్రమం కోసం ఆగకుండా, సిద్ధంగా ఉన్న పనిని ముందు చేసేసే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు మీ దగ్గరున్నదీ, షాపులో ఉన్నదీ ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

అప్పటి క్యాబినెట్ల ముందు టర్బో బటన్, పక్కనే 33, 66 అని వెలిగే అంకెలు ఉండేవి. చాలామంది అది మీటరు అనుకునేవాళ్లు. నిజానికి ఆ అంకెలు దేన్నీ కొలిచేవి కావు, లోపల జంపర్లు ఎలా పెడితే ఆ అంకె వెలిగేది. వేగాన్ని ఒక అంకెతో అమ్మే అలవాటు అప్పటిదే. పెంటియమ్ 4 కాలంలో అది పరాకాష్ఠకు చేరింది. 2000 నవంబరులో 1.5 గిగాహెర్ట్జ్‌తో వచ్చిన పెంటియమ్ 4, చాలా పనుల్లో 1 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 3ని పెద్దగా దాటలేకపోయింది, కొన్నిట్లో వెనకబడింది కూడా. క్లాక్ పెంచడం కోసం లోపలి పనిని 20 మెట్లుగా, 2004 నాటి రకంలో 31 మెట్లుగా ముక్కలు చేశారు. తర్వాత ఏ పని వస్తుందో ప్రాసెసర్ ముందే వేసుకునే అంచనా ఒక్కటి తప్పినా అన్ని మెట్ల పనీ పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామని ప్రకటించిన ఇంటెల్, 2004 అక్టోబరులో ఆ ఆలోచన మానుకుంది. 2006లో 1.86 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో వచ్చి, 3 గిగాహెర్ట్జ్ పైబడిన పెంటియమ్ డీలను చాలా పనుల్లో దాటేసింది. వేర్వేరు తరాల ప్రాసెసర్ల గిగాహెర్ట్జ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చకూడదని ఆ ఒక్క సంఘటనతోనే తేలిపోయింది. ఒకే తరంలో, ఒకే రకంలో రెండు మోడళ్ల మధ్య పోలికకు మాత్రం ఆ అంకె పనికొస్తుంది.

ఇప్పుడు మీ సొంత పోలికకు వద్దాం. ఐ5-2400 రెండో తరం, 2011 జనవరిది. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), అవసరమైనప్పుడు తనంతట తానే క్లాక్ పెంచుకునే టర్బోలో 3.4 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. ఐ3-12100 పన్నెండో తరం, 2022 జనవరిది. అదీ నాలుగు కోర్లే కానీ ఎనిమిది థ్రెడ్లు, 4.3 దాకా. క్లాక్ తేడా పావు వంతు మాత్రమే. మిగతా లాభం లోపలి వెడల్పు నుంచి వచ్చింది: మీది క్లాక్‌కు నాలుగు ఇన్‌స్ట్రక్షన్లను విడమర్చుకుంటుంది, అది ఆరింటిని. ఒకేసారి చేతిలో పెట్టుకుని చూసే ఇన్‌స్ట్రక్షన్లు మీదాంట్లో 168, దాంట్లో 512. అన్నీ కలిపితే ఒక్కో కోరు దాదాపు రెట్టింపు, అన్ని కోర్లూ కలిసి చేసే పనిలో మూడు నుంచి నాలుగు రెట్లు. కాబట్టి ఐ5 అని రాసి ఉన్న పాతదానికన్నా ఐ3 అని రాసి ఉన్న కొత్తది చాలా ముందుంది. పేరులో ఐ3, ఐ5 అనేవి ఆ సంవత్సరం సరుకులో ఏ మెట్టు అని మాత్రమే చెబుతాయి. తరం తెలియాలంటే తర్వాత వచ్చే అంకె చూడాలి: 2400లో 2, 8500లో 8, 12100లో 12.

ఎన్100 వేరే జాతి. 2023 జనవరిలో వచ్చింది. తక్కువ కరెంటుతో నడవడానికి చేసిన చిన్న కోర్లు నాలుగు, అంతే. మీ ఐ5-2400కి ఇంటెల్ ఇచ్చిన కరెంటు లెక్క 95 వాట్లు, ఎన్100కి 6 వాట్లు. పనిలో మాత్రం మీదానికి కాస్త ముందు, దాదాపు పక్కపక్కనే. ఆరు వాట్లలో పాత డెస్క్‌టాప్ ఐ5 చేసే పని చేయడం ఇంజినీరింగ్‌గా గొప్ప విషయం. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద చాలా ఎక్కువసేపు నిలబడుతుంది, చప్పుడు ఉండదు, వేడి ఉండదు. కానీ వేగం కోసం డబ్బు పెడుతున్నవాళ్లకు అది సరైన కొనుగోలు కాదు. ఇంకో జాగ్రత్త: ఐ3-ఎన్305 అని ఒకటుంది, పేరులో ఐ3 ఉన్నా లోపల ఇవే చిన్న కోర్లు ఎనిమిది. ఐ3 అని చెప్పగానే ఒప్పేసుకోకుండా పూర్తి నంబరు అడగండి.

పదకొండేళ్లలో రెట్టింపేనా అని మీకు అనిపిస్తుంది, అనిపించాలి కూడా. కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు పొందిన జాన్ హెన్నెసీ, డేవిడ్ ప్యాటర్సన్ వేసిన లెక్క ప్రకారం 1986 నుంచి 2003 దాకా ప్రాసెసర్ వేగం ఏడాదికి సగటున 52 శాతం పెరిగింది. అంటే 20 నెలలకోసారి రెట్టింపు. అదే ఊపు కొనసాగి ఉంటే 2011 నుంచి 2022కి 100 రెట్లు కావాలి. 2015 తర్వాతి మూడేళ్లలో వాళ్లు చూపించిన పెరుగుదల ఏడాదికి 3.5 శాతం, ఆ లెక్కన రెట్టింపు కావడానికి 20 ఏళ్లు. దీనికి కారణం వేడి. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ అది తినే కరెంటూ అదే నిష్పత్తిలో తగ్గుతుందని 1974లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ బృందం చూపించింది. చాలా ఏళ్లు అలాగే నడిచింది. 2005 ప్రాంతానికి వచ్చేసరికి లీకేజీ (ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉన్నా కరెంటు కారిపోవడం) వల్ల అది ఆగిపోయింది. క్లాక్ పెంచితే చిప్ కాలిపోయే పరిస్థితి. అందుకే కోర్లు పెంచడం మొదలైంది. 90లలో ఐదేళ్ల పాత కంప్యూటర్ అంటే పక్కన పడేయాల్సిందే. ఇప్పుడు పదేళ్లు దాటిన ప్రాసెసర్ కూడా మర్యాదగా పని చేస్తోందంటే ఈ మందగింపు వల్లే.

మరి మీ మెషీన్ ఎందుకంత నెమ్మది? ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మీ డబ్బు మిగిలేది ఇక్కడే.

మీ హార్డ్‌డిస్క్ లోపల ఒక పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మీకు కావలసిన సమాచారం హెడ్ కిందికి రావాలంటే సగటున సగం చుట్టు ఆగాలి, అంటే 4 మిల్లీసెకన్లు. అంతకన్నా ముందు హెడ్ సరైన ట్రాక్ మీదికి జరగాలి, దానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. మొత్తం 12 మిల్లీసెకన్లకు పైనే. ఆ 12 మిల్లీసెకన్లలో మీ 3.1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ 3 కోట్ల 70 లక్షల క్లాకులు ఊరికే కూర్చుంటుంది. విండోస్ లేవడమంటే వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు డిస్క్‌లో తలో మూల నుంచి చదవడం. సెకనుకు 80 మాత్రమే వెతకగలిగే డిస్క్‌తో అది నిమిషాల పని అవుతుంది. అదే చదవడానికి సాటా ఎస్ఎస్‌డీకి (హార్డ్‌డిస్క్ కేబుల్‌కే తగిలించే రకం) సుమారు 0.1 మిల్లీసెకను చాలు, తిరిగే భాగమే లేదు కాబట్టి. వంద రెట్లకు పైగా తేడా ఉన్న చోటు మీ కంప్యూటర్ మొత్తంలో ఇదొక్కటే.

ఎస్ఎస్‌డీల్లో ఏది అని షాపులో మళ్లీ అంకెలు చెబుతారు. సాటాది సెకనుకు 550 ఎంబీ, బోర్డు మీది స్లాట్‌లో నేరుగా పెట్టే ఎన్వీఎంఈ రకానిది 3,500 ఎంబీ అని. అవి ఒకే పెద్ద ఫైలును వరసగా చదివినప్పటి అంకెలు. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే అన్నిటికన్నా కింది వరస ఒకటి వస్తుంది, 4 కేబీ ముక్కలను ఒక్కొక్కటిగా ఎక్కడెక్కడి నుంచో చదివే పరీక్ష. మీ రోజువారీ పనికి దగ్గరగా ఉండేది ఆ వరసే. అక్కడ హార్డ్‌డిస్క్‌కు సెకనుకు ఒక ఎంబీ కూడా రాదు. సాటా ఎస్ఎస్‌డీకి 20, 30 ఎంబీ వస్తుంది, ఎన్వీఎంఈకి దానికి రెట్టింపు దరిదాపుల్లో. అంటే హార్డ్‌డిస్క్ నుంచి ఏ ఎస్ఎస్‌డీకి మారినా పెద్ద దూకుడే. సాటా నుంచి ఎన్వీఎంఈకి మారితే తేడా పెద్ద వీడియో ఫైళ్లు కాపీ చేసేవాళ్లకు తెలుస్తుంది, మీకు అంతగా తెలియదు.

ర్యామ్ విషయంలో కూడా ఒక సంగతి చాలామందికి తెలియదు. డీడీఆర్3 1333 ర్యామ్‌లో మామూలుగా ఉండే సీఎల్9 (జవాబు మొదలయ్యేలోపు 9 క్లాకులు ఆగాలని అర్థం) లెక్క వేస్తే, అడిగిన వరస నుంచి సమాచారం ఇవ్వడం మొదలుపెట్టడానికి 13.5 నానోసెకన్లు. డీడీఆర్4 3200, సీఎల్22 అయితే 13.75. డీడీఆర్5 4800, సీఎల్40 అయితే 16.7. అంటే మూడు తరాలు మారినా మొదటి ముక్క చేతికొచ్చే సమయం తగ్గలేదు. పెరిగింది ఒక్కసారికి తెచ్చే మోత: ఒక ఛానల్‌లో డీడీఆర్3 1333 సెకనుకు 10.6 జీబీ మోస్తే డీడీఆర్4 3200 25.6 జీబీ మోస్తుంది. కాబట్టి కొత్త రకం ర్యామ్ అనగానే మెషీన్ వేగం పెరిగిపోతుందని అనుకోవద్దు. మీకు కావలసింది ర్యామ్ ఎక్కువ ఉండటం. 4 జీబీలో విండోస్ 10, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు, ఫొటోషాప్ కలిసి పట్టవు. పట్టనప్పుడు విండోస్ ర్యామ్‌లోని సరుకును తీసి హార్డ్‌డిస్క్‌లో దాస్తుంది, కావలసినప్పుడు మళ్లీ అక్కడి నుంచి తెస్తుంది. నానోసెకన్ల పని మిల్లీసెకన్ల పనిగా మారిపోయేది అప్పుడే. ఒక విండో నుంచి ఇంకో విండోకి మారగానే స్క్రీన్ తెల్లబడి కాసేపు బిగుసుకుపోతోందంటే కారణం ఇదే.

నా మాట మీద ఆధారపడకుండా మీరే తేల్చుకోవచ్చు. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, డిస్క్ లైటు బాగా నెమ్మదించేదాకా ఆగండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఫొటోషాప్‌తో ఒక పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరవండి. సమయం రాసుకోండి. మూసేసి, వెంటనే అదే ఫైలు మళ్లీ తెరవండి. రెండోసారికి ఆ సమాచారంలో చాలా భాగం ర్యామ్‌లోనే ఉంటుంది, డిస్క్ దాకా పోనక్కర్లేదు. మొదటిసారి అర నిమిషం పట్టింది రెండోసారి పది సెకన్లలో వస్తే, మధ్య తేడా 20 సెకన్లు డిస్క్ తిన్నది. మిగిలిన 10 సెకన్లలోనే ప్రాసెసర్‌కు వాటా. అంత ఖాళీ ర్యామ్ లేకపోతే రెండోసారి కూడా ఆలస్యమవుతుంది, అప్పుడు ర్యామ్ చాలడం లేదని అర్థం. పక్కనే టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకోండి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వస్తుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ 100 శాతం, సీపీయూ 15 శాతం చూపిస్తోందంటే కొత్త ప్రాసెసర్ మీకేమీ చేయలేదు.

లెక్కగా చూసినా అంతే. ఒక పనికి 60 సెకన్లు పడుతోందనుకోండి, అందులో 45 డిస్క్ కోసం ఎదురుచూపు, 15 ప్రాసెసర్ పని. ప్రాసెసర్ ఒక్కటే పది రెట్లు వేగమైనది పెట్టినా 46 సెకన్ల పైనే పడుతుంది. ప్రాసెసర్ ముట్టుకోకుండా డిస్క్ ఆలస్యం తీసేస్తే 16, 17 సెకన్లలో అయిపోతుంది. 1967లో కంప్యూటర్ ఇంజినీరు జీన్ అమ్దాల్ చెప్పిన సూత్రం ఇదే, కోర్ల సంఖ్యకు కూడా వర్తిస్తుంది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఒకే కోరు ఉన్న కాలంలో. 32 బిట్ల ప్రోగ్రామ్. దానికి ఎనిమిది థ్రెడ్లు ఇచ్చినా, 32 జీబీ ర్యామ్ ఇచ్చినా వాడుకోలేదు. మీ పేజ్‌మేకర్ పనికి ఐ5-2400 ఎప్పుడో సరిపోయింది, ఇప్పుడూ సరిపోతుంది. ఫొటోషాప్‌లో పెద్ద ఫైళ్ల మీద ఫిల్టర్లు వేసేటప్పుడు మాత్రం ఐ3-12100 తేడా కళ్లకు కనిపిస్తుంది.

మీ మెషీన్‌కు ప్రాసెసర్ వైపు నుంచి నిజంగా వయసు మీదపడిన చోటు వీడియో. యూట్యూబ్ ఎక్కువగా వాడేది వీపీ9, ఏవీ1 అనే వీడియో కుదించే పద్ధతులు. మీ ఐ5-2400లోని గ్రాఫిక్స్‌కు హెచ్.264, అంతకన్నా పాత రకాలు విడమర్చే భాగం మాత్రమే ఉంది. వీపీ9కి పూర్తి హార్డ్‌వేర్ సాయం ఏడో తరంతో వచ్చింది, ఏవీ1కి పదకొండో తరంతో. మీది ఆ పని మొత్తం కోర్లతో చేయాలి, అందుకే పెద్ద వీడియో పెడితే ఫ్యాన్ అరుస్తుంది. ఎన్100కి ఈ రెండూ వచ్చు, వీడియో చూడటంలో అది మీ ఐ5ని సునాయాసంగా దాటేస్తుంది. ఇంకోటి, 2013లో నాలుగో తరంతో వచ్చిన ఏవీఎక్స్2 ఇన్‌స్ట్రక్షన్లు మీదాంట్లో లేవు. కొత్త సాఫ్ట్‌వేర్లు కొన్ని అవి లేకపోతే అసలు నడవవు.

బెంచ్‌మార్క్ (వేగాన్ని కొలిచి అంకె ఇచ్చే పరీక్ష ప్రోగ్రామ్) స్కోర్లు చూసేటప్పుడు ఒకటి రెండు గుర్తుంచుకోండి. గీక్‌బెంచ్ 5లో 1,000 అంటే ఐ3-8100తో సమానం, గీక్‌బెంచ్ 6లో 2,500 అంటే ఐ7-12700తో సమానం. వెర్షన్ మారితే కొలబద్దే మారిపోతుంది. పాతదాని స్కోరు ఒక వెర్షన్‌లో, కొత్తదాని స్కోరు ఇంకో వెర్షన్‌లో చూపించి పోల్చేవాళ్లు ఉన్నారు. ల్యాప్‌టాప్ అయితే చిన్న పరీక్ష నమ్మకండి. పల్చటి ల్యాప్‌టాప్‌లు మొదటి అర నిమిషం దూసుకుపోయి, వేడెక్కాక బాగా తగ్గిపోతాయి. సినీబెంచ్ ఆర్23 పరీక్షను పది నిమిషాలు ఆపకుండా నడిపేలా పెట్టింది అందుకే. పాత మెషీన్‌ను కొలిచే ముందు ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్ట్ మార్చి కొలవండి. వేడికి తగ్గి నడుస్తున్న ప్రాసెసర్‌ను దాని అసలు వేగంగా లెక్కేస్తే పాపం దానికి అన్యాయం చేసినట్టు.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ ఇంతకన్నా చురుగ్గా ఉండేదని మీరు రాసిన మాట వట్టి జ్ఞాపకం కాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసిన ర్యామ్ 128 ఎంబీ, విండోస్ 11కి కనీసం 4 జీబీ, అంటే 32 రెట్లు. హార్డ్‌వేర్ వేగం పెరిగే కన్నా తొందరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కుతోందని కంప్యూటర్ శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే రాశాడు. డాన్ లూ అనే ఇంజినీరు 2017లో, కీ నొక్కినప్పటి నుంచి అక్షరం స్క్రీన్ మీద కనిపించేదాకా పట్టే సమయాన్ని చాలా మెషీన్లలో కొలిచాడు. 1983 నాటి ఆపిల్ 2ఈకి 30 మిల్లీసెకన్లు పడితే, 2010ల నాటి ల్యాప్‌టాప్‌లు కొన్ని 100 దాటాయి. లెక్కలు చేసే వేగం ఒకటి, చేతికి తెలిసే వేగం ఒకటి. రోజంతా టైపు చేసే మీలాంటి వాళ్లకు రెండోదే ముఖ్యం, దాన్ని ఏ షాపువాడూ కొలిచి చెప్పడు.

ఇక ఏం చేయాలి. ముందు పాత మెషీన్‌కే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, రెండు 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు పెట్టించండి. ఒక్క 8 జీబీ కన్నా రెండు 4 జీబీలు మేలు, రెండు ఛానళ్లూ పని చేస్తాయి. ఎన్వీఎంఈ కొనకండి, మీ బోర్డుకు ఆ స్లాట్ ఉండదు. మీది హెచ్61 రకం మదర్‌బోర్డు అయితే సాటా వేగం సగమే ఇస్తుంది, సెకనుకు 270 ఎంబీ ప్రాంతంలో ఆగుతుంది. దానికి టెన్షన్ పడొద్దు, చిన్న ఫైళ్లు వెతికే వేగం తగ్గదు. బయోస్‌లో (విండోస్ లేవక ముందే తెరిచే సెట్టింగుల పేజీ) సాటా మోడ్ ఐడీఈ అని ఉంటే, విండోస్ కొత్తగా ఎక్కించే ముందే ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ ఎక్కించాక మారిస్తే నీలి తెర వచ్చి ఆగిపోవచ్చు. పాత హార్డ్‌డిస్క్‌ను పారేయకండి, డిజైన్ల బ్యాకప్‌కు అందులోనే ఉంచండి. పేరు లేని చవక ఎస్ఎస్‌డీల జోలికి మాత్రం పోవద్దు, అవి కాస్త నిండగానే హార్డ్‌డిస్క్ కన్నా అధ్వాన్నంగా తయారైనవి నేను చూశాను.

ముందు చెబుతానన్న రెండో కారణం ఇది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైన ఉండాలి. మీది రెండో తరం. అడ్డదారుల్లో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి కానీ మీకు సలహా ఇవ్వను, ఎందుకంటే మీ దగ్గర జనాలు ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఇచ్చి దరఖాస్తులు నింపిస్తున్నారు. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషీన్‌లో ఆ పని చేయడం వాళ్లకూ ప్రమాదం, మీకూ ప్రమాదం. కాబట్టి ఇంటర్నెట్ పనికి వేరే మెషీన్ కావాల్సిందే. కొత్తదే కావాలంటే ఐ3-12100 తీసుకోండి, ఎస్ఎస్‌డీతో, 16 జీబీ ర్యామ్‌తో. బడ్జెట్ చాలకపోతే విజయవాడలోనో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలోనో కంపెనీల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. వాటిలో ఐ5-8500 వెతకండి: ఆరు కోర్లు, ఎనిమిదో తరం, విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. ఒక్కో కోరు మీదానికన్నా మూడో వంతుకు పైగా వేగం, మొత్తంగా రెండున్నర రెట్ల దరిదాపుల్లో. ఎన్100 కన్నా మీ పనికి అదే మంచిదని నా అభిప్రాయం. కొనేముందు అక్కడే ఆన్ చేయించి, బయోస్‌లో టీపీఎం ఉందో లేదో, ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూపించమనండి.

పాత ఐ5ని పేజ్‌మేకర్‌కు, ప్రింటర్‌కు వదిలేసి ఇంటర్నెట్ కేబుల్ తీసేయండి. కొత్తదాంట్లోకి పేజ్‌మేకర్ మార్చాలనుకుంటే మాత్రం మీ ఫాంట్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్, మీ ప్రింటర్ డ్రైవర్ విండోస్ 11లో నడుస్తాయో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. విండోస్ 11 మొత్తం 64 బిట్లదే, మీ దగ్గర 16 బిట్ల కాలం నాటి చిన్న ప్రోగ్రాములు ఏవైనా ఉంటే అవి అందులో తెరుచుకోవు. మదర్‌బోర్డు మోడల్ నంబరు, ప్రింటర్ మోడల్, పైన చెప్పిన స్టాప్‌వాచ్ పరీక్షలో వచ్చిన రెండు అంకెలు ఇక్కడ రాయండి. ఏ ర్యామ్, ఏ ఎస్ఎస్‌డీ సరిపోతాయో మోడల్‌తో సహా చెబుతాను.